పంచలో పైపు

"మీ యక్క తెలివే తెలివప్పా రాజులప్పా" అన్నాడు గంగులప్ప. "పట్టుపురుగులింట్లో తేమకని తడిగోనెలు ఏలాడేయాల గదా, దానికి తాడు యాడ, కొయ్య యాడ? ఈ గోడ నుంచి ఆ గోడకి గ్యాసు పైపు ఉండాదే, దాని మీదనే వేసేసింది. రొండు పనులూ ఒగ పైపుతోనే జరిగిపోతాండాయి."

అనేసి, తలగుడ్డ కొసతో మూతి తుడుచుకుని, తన మాటకు తనే మెచ్చుకున్నట్టు తల ఊపుకున్నాడు. మంచి మాటే చెప్పాననుకున్నాడు పాపం. మదనపల్లె సంతలో దూడను అమ్ముకుని ఊరికి పోతున్న మనిషి. నారాయణమ్మ ఇంటి పక్కిల్లే ఆయనది. బస్సులో ఆమె తమ్ముడు గోవిందరాజులు కనబడితే ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలనిపించడం సహజం. గోవిందరాజులు నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. "పురుగులిల్లు యాడుండాది గంగులప్పా? పైపు పోయేది పంచలో గదా?" అని అడిగాడు. "ఆ పంచేనప్పా. వానలకు ముందే నాలుగు పక్కలా గోడ పెట్టించింది. ఊజి ఈగ దూరితే పురుగంతా పాయె గదా, అందుకని మా ఊర్లో అందరమూ అట్లనే మూసేసినాము. ఇప్పుడు చలికని కిటికీలకు గూడా గోనె కొట్టేసింది. గాలి సుక్క దూరదు." గోవిందరాజులు ఒళ్ళోని సంచీని రెండు చేతులతో పట్టుకున్నాడు. "పురుగు ఏ జ్వరంలో ఉండాది, ఎన్నో కుబుసం ఇడస్తాండాది?" "జ్వరాలన్నీ అయిపోయెనప్పా, పండిపోయింది, మేత ఆపేసింది. ఈ పొద్దే ఎక్కించేది. పొద్దు గూకేటప్పటికి లోపల దీపం పెట్టి, దండం పెట్టుకోని, గూడు అల్లుకునే వెదురు చంద్రికల మీదికి ఎక్కిస్తాది. మా ఇంటామెని గూడా రమ్మనింది."

దీపం. ఆ ఒక్క మాట తరవాత గంగులప్ప ఇంకా ఏమేమో చెప్పాడు, దూడ ధర గురించి, పుంగనూరు పొట్టి ఆవుల్ని బెంగుళూరోళ్ళు వచ్చి ముద్దుకు కొనుక్కుపోతున్న సంగతి గురించి, కానీ గోవిందరాజులుకి పెదవులు కదలడమే కనబడింది. కిటికీ బయట హార్స్‌లీ హిల్స్ మీద పొగమంచు అప్పుడే దిగుతోంది. మార్గశిరం పొద్దు, చూస్తుండగానే జారిపోతుంది. బస్సు నిండా ఖాళీ టమాటా గంపలు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన గంపలు, వాటి మధ్య మనుషులు. ఈ బస్సు ఎందుకింత మెల్లగా పోతుంది? రోజూ ఇంతేనా, లేక ఈ రోజే ఇలా పోతోందా? అక్క ఊరు పుంగనూరికి ఈవలే, రోడ్డు మీద దిగి చెరకు తోటల పక్కన కాస్త నడవాలి. పొద్దు గూకేలోపల పోగలడా? ఎక్కేటప్పుడు పొద్దు ఎక్కడుందో చూసుకోలేదు. అప్పుడు పొద్దుతో ఏం పని? పుంగనూరు వైపు రేపు గోబర్ గ్యాసు గుంతలు చూడాలి, ఈ రాత్రికి అక్క దగ్గర సంగటి తిని పడుకుంటే సరి, ఏడాదయింది ఆమెను చూసి అనుకుంటూ ఎక్కాడు. ఏడాదిగా గ్యాసు గుంతల తనిఖీ డ్యూటీ అంతా కుప్పం వైపే. కుప్పం...

అక్కడికి పోవద్దు అనుకుంటాడు గానీ మనసు అక్కడికే పోతుంది. గ్యాసు పేలిన పురుగులింటి ఇటుకల మధ్య మల్బరీ ఆకు. పెంకులు తోటలోకి ఎగిరి పడ్డాయి, ఒక తట్ట బోర్లా పడి దానికింద కాలిన పురుగులు, పక్కనే ఇంకో తట్ట ఎలా ఉన్నది అలాగే ఉంది, అందులో ఇంకా పండని పురుగులు ఏమీ జరగనట్టు ఆకు కొరుకుతున్నాయి. ఆ చప్పుడు. మనుషులు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నప్పుడల్లా ఆ కొరుకుడు వినబడేది. వాటికి ఎవరు ఆకు వేస్తారు ఇక అనిపించింది అతనికి, అంత పెద్ద ఘోరం ముందర నిలబడి అదీ ఒక ఆలోచనేనా! అంజమ్మ అనే ఆమె ఆ ఇంటామె. గోవిందరాజులు పోయేసరికి ఆమె శవాన్ని తీసుకుపోయారు; చెప్పు ఒకటి వాకిట్లో ఉంది, పురుగులింట్లోకి పోయే ముందు విడిచిన చెప్పు, రెండోది కనబళ్ళేదు. మొగుడు మునిరాజు రుబ్బురాయి మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆరిపోయిన బీడీ. "నన్నూ రమ్మనింది సారూ దీపానికి. మళ్ళా తనే, బీడీ వాసన పురుక్కి ఆగదు, తాగినాక నోరు కడుక్కోని రా అనింది. ఈడనే నిలబడినా. అప్పుడు బీడీ తాగకుండా ఉండింటే నేనూ దాని పక్కనే ఉందును గదా" అన్నాడు. అది ఏడుపో, సంతోషమో, నిష్ఠూరమో తెలియని గొంతు. తరవాత అతను ఒక మాట అడిగాడు. "గ్యాసు కారితే కుళ్ళు వాసన వస్తాది, పసిగట్టండి అని మీరే గదా చెప్పినారు. పురుగులింట్లో పెంట వాసన, ఆకు మాగిన వాసన, ఇన్ని వాసనల్లో అది మాకు ఎట్ల తెలస్తాది సారూ?"

పైపు నడుమ వంగిపోయి ఉంది. దానికి ఇంకా ఒక గోనె చుట్టుకునే ఉంది, సగం కాలి. తడిసిన గోనెలు, ఒకటి రెండు కాదు, పంట పంటకూ, పొద్దూ మాపూ నీళ్ళు చల్లిన గోనెలు. ఆ బరువుకు గోడ దగ్గర జాయింటు మెల్లమెల్లగా ఊడొచ్చింది. ఒక్కరోజులో జరిగింది కాదు. గోనె వేసిన చేతులకు అది పైపు అని ఏనాడో మరపు వచ్చేసి ఉంటుంది, ఇంట్లో ఉన్న దండెం అంతే. ఎవరైనా అదే చేస్తారు. అక్క కూడా అదే చేసింది. ఇల్లు మారింది, మనిషి మారింది, తెలివి ఒక్కటే. అక్కడా ఆ పైపు వేసినప్పుడు అది పంచే అయి ఉంటుంది, గోడలు లేని పంచ, గాలి ఇటు నుంచి అటు పోయే పంచ. గ్యాసు కారినా గాలికి పోతుంది. తరవాత ఊజి ఈగ వచ్చింది. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పంటంతా ఊడ్చుకుపోయే ఈగ. దాన్ని ఆపడానికి గోడ కట్టారు. ఈగ కోసం కట్టిన గోడలోపల పైపు ఉండిపోయింది. అటు పట్టు శాఖవాళ్ళు గోడ కట్టమని చెప్పి పోయారు, ఇటు గ్యాసువాళ్ళు పైపు వేసి పోయారు. ఆ రెండూ ఒకే గదిలో ఉన్నాయని చూసినవాడు లేడు.

ఆ పైపు అతను వేయించిందే. అక్క ఇంటి పైపు. బాగా గుర్తు. అప్పుడు బావ పోయి ఏడాది అయినట్టుంది, కొడుకు లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి వస్తాడో రాడో. కొట్టం వెనక గుంత తవ్వి, ఇనుప డ్రమ్ము దించి, పేడ నీళ్ళు కలిపి పోసి, గ్యాసు పుట్టేదాకా అక్క రోజూ పోయి ఆ డ్రమ్ము లేచిందా అని చూసేదట, పొదిగిన కోడిని చూసినట్టు. "ఇంట్లోకి యాడనుంచి తెస్తావు రాజులూ?" "పంచలోంచి తెస్తే దగ్గరక్కా. గాలీ ఆడతాది." నిజమే గదా, అప్పుడది నిజమే. ఆ రోజు వంటింట్లో పొయ్యి మీట తిప్పి అగ్గిపుల్ల పెడితే నీలం మంట గుండ్రంగా లేచింది. ఊరి ఆడవాళ్ళంతా వాకిలికి అడ్డంగా నిలబడ్డారు. అక్క వంగి మంట కింద చూసింది, పైన చూసింది, ఇంటి కప్పు వైపు చూసింది. "పొగ యాడ?" అని అడిగింది. "పొగ రాదక్కా." "రాదా?" అని మళ్ళీ చూసింది. ఆ తరవాత పొయ్యి ముందు కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, అందరూ చూస్తుండగానే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏం చేశావని ఎవరైనా అడిగితే గోవిందరాజులు చెప్పుకోవడానికి అతనికి ఆ రోజు ఒక్కటే ఉంది.

ఏడవక ఏం చేస్తుంది? అమ్మ పోయినప్పటి నుంచీ కట్టెల పొయ్యి ముందు కూర్చున్నది ఆమేగా. పచ్చి కంపలు, తడిసిన పిడకలు, ఊదుగొట్టం. ఊదేది, దగ్గేది, మళ్ళీ ఊదేది. తను ఆ పొయ్యి వెలుతురులో పలకమీద లెక్కలు చేసుకునేవాడు. మంట మండినప్పుడు అంకెలు కనబడేవి, ఆరినప్పుడు అక్క దగ్గు వినబడేది. "ఊదక్కా, కనపళ్ళే" అనేవాడు. అలా అన్నానా నేను? అన్నాడు. ఎన్నిసార్లో అన్నాడు. ఆమె ఊదింది. ఆ ఊదడంలోనే ఊపిరితిత్తులు పోయాయేమో. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవికి గొట్టం పెట్టి విని, "పొగ దగ్గరికి మాత్రం పోవద్దమ్మా, అది నీకు విషం" అంది. చలికాలం వస్తే అక్క రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది, ఈల వేసినట్టు ఊపిరి. గ్యాసు వచ్చాక ఆ ఈల ఆగింది. ఒక చలికాలమంతా పడుకుని నిద్రపోయింది. "నాయనా, నువ్వు నాకు ఊపిరి తెచ్చినావు" అని కార్డు రాయించింది ఎవరితోనో.

ఇప్పుడు సంచీలో సీలు. సంచీని కాళ్ళ కింద పెట్టాడు, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెంచి మోకాలికి గుచ్చుకుంటోంది. రూలేమిటి? మూసిన గదిలోంచి పైపు పోతే, అందులోనూ పురుగులింట్లోంచి పోతే, చూసిన చోటనే గ్యాసు కట్ చెయ్యాలి, గుంత దగ్గర వాల్వు మూసి తీగ వేసి సీలు కొట్టాలి, పైపు బయటి నుంచి మార్చుకునేదాకా తెరవకూడదు. మార్చుకోవాలంటే కొత్త పైపు రావాలి. అది ఆఫీసు నుంచి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఎవరు పెట్టారయ్యా ఈ రూలు? ఇంకెవరు, తనే. చిత్తూరు మీటింగులో అందరూ ఎగాదిగా చూస్తుంటే లేచి నిలబడి అడిగాడు. పంట మీద ఉన్నవాళ్ళకి పది రోజులు గడువిద్దామండీ, జనం తిరగబడతారు అని పెద్దాఫీసరు అంటే, "వద్దు సార్. ఆ పది రోజుల్లో ఎవరు దీపం పెడతారో మనకు తెలీదు" అన్నాడు. అంజమ్మ చెప్పు కళ్ళముందర ఉంది అప్పుడు. సరేనన్నారు. అప్పటినుంచీ కుప్పం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు, ఎన్ని శాపనార్థాలు. ఒకామె చేటెడు బూడిద తెచ్చి అతని మీద పోసింది. "మా పొయ్యి ఆర్పినావు, నీ ఇంట్లో పొయ్యి ఆరిపోనూ!" దులుపుకుని వచ్చేశాడు. కోపం రాలేదు. ఆమె ఇప్పుడు ఊరికే తిడుతోంది, తిట్టడానికి ఉంది గదా అనుకున్నాడు. ఆ ఇళ్ళల్లో ఎవరూ అక్క కారు. వాళ్ళ దగ్గు అతను వినలేదు.

బస్సు ఆగింది. ఎందుకాగింది? రోడ్డు నిండా పశువులు, మేతకు పోయి ఇళ్ళకు మళ్ళిన ఆవులు, చిన్న చిన్న ఆవులు, నడుమెత్తు కూడా లేవు, ఒక దాని మెడలో గంట. డ్రైవరు హారన్ కొడితే అవి తలలు కూడా తిప్పలేదు. "తోలప్పా, తోలు!" అని అరిచింది తన గొంతేనా? గంపలవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. "యాల రాజులప్పా, అంత తొందర?" అన్నాడు గంగులప్ప. "దీపం టయానికి పోవాలనా? పోతాంలే. మనం పోకపోతే ఆపుతాదా మీ యక్క, కాలం తప్పనిచ్చే మనిషా?" కాదు, తప్పనిచ్చే మనిషి కాదు. నాన్న తద్దినం రోజున వాన పడి పొయ్యి రాజకపోతే గొడుగు కింద వాకిట్లో వండిన మనిషి. ఆమె దీపం ఆపదు. ఎర్రటి పొద్దు కొండ రాళ్ళ మీద ఆనింది. ఇంకా ఉంది. ఇంకా ఉంది గదా. ఆవులన్నీ పోయాయి, ఒక్క దూడ మిగిలింది, అదీ పోయింది.

ఒక దారి ఉంది. ఉంది గదా? మనసు మెల్లగా ఆ దారి చూపించింది, ఎప్పుడో సిద్ధం చేసుకుని పెట్టుకున్నట్టు చూపించింది. పోయి గోనెలు తీయించడం. కిటికీలు తెరిపించడం. దీపం ఈ ఒక్కసారికి వాకిట్లో పెట్టించడం. పైపుకింద కట్టె ఒకటి ఆనించి జాయింటు బిగించడం. అంతే, సీలు అక్కర్లేదు. పంట దిగాక చూసుకోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? గంగులప్పకు తెలుసా, ఆయనకు తెలిసింది అక్క తెలివి ఒక్కటే. ఈ మూడు తాలూకాల్లో చూసేవాడు తనే, చెప్పేవాడూ తనే. పొగ కూడా చంపుతుంది. గ్యాసు ఒక్కసారిగా చంపుతుంది, పొగ మెల్లగా చంపుతుంది, అంతే తేడా. డాక్టరమ్మ చెప్పింది రూలు కాదా? చలికాలం నడిమధ్యలో ఆమెను మళ్ళీ కట్టెల పొయ్యి ముందు కూర్చోబెట్టడం ఏ న్యాయం? కాస్త ఊరట కలిగింది. సీటుకి ఆనుకున్నాడు. ఆనుకున్నాడో లేదో మునిరాజు చేతిలోని బీడీ గుర్తొచ్చింది. అంజమ్మ ఇల్లు పేలడానికి ఒక నెల ముందు తన కింద పనిచేసే మనిషి అక్కడికి పోయి జాయింట్లన్నిటికీ సబ్బునురగ పూసి చూశాడు, ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. ఆ రోజు రాలేదు. పురుగులింట్లో జాయింటుకి మాత్రం పూయనియ్యలేదట ఆమె, సబ్బు వాసనకి పురుగు చస్తుందని. ఆ మనిషి గడప బయట నుంచే చూసి వచ్చేశాడు. తనున్నా అదే చేసి ఉండేవాడేమో. మంచిగా బతిమాలితే ఎవరు కాదంటారు? అక్క బతిమాలితే?

"దిగండప్పా, దిగండి" అన్నాడు కండక్టరు. గంగులప్ప ఇంకా తలగుడ్డ సర్దుకుంటుండగానే గోవిందరాజులు దిగి నడిచాడు. నడిచాడా, పరిగెత్తాడా. చెరకు ఆకులు చేతులకు గీసుకున్నాయి. పొద్దు కనబళ్ళేదు, వెలుతురు మాత్రం ఉంది. ఊరి మీద పొయ్యిల పొగ లేస్తోంది, ఇంటింటి మీదా, ఒక్క ఇంటి మీద లేదు. అది అక్క ఇల్లు. ఇంట్లోకి పోలేదు. నేరుగా కొట్టం వెనక్కి పోయాడు, గుంత దగ్గరికి, వాల్వు మీద చెయ్యి వేశాడు. ఇనుము చల్లగా ఉంది. దాన్ని ముట్టుకున్నాక ఆలోచన ఏమీ రాలేదు; చెయ్యి దానికి తెలిసిన పని అది చేసుకుపోయింది. తిప్పాడు, ఇంక తిరగనంటే రెంచి పెట్టి తిప్పాడు.

వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది. "ఇదేంది, సంగటి మీద పోయిందే గ్యాసు!" దొడ్డి వాకిలి తీసుకుని నారాయణమ్మ బయటికి వచ్చింది, చేతిలో తెడ్డు. తమ్ముణ్ణి చూడగానే మొహం వెలిగింది. "రాజులూ! ఎప్పుడొస్తివి నాయనా? సూడు, గ్యాసు నిలిచిపోయింది, సమయానికే వస్తివి..." ఆమె చూపు రెంచి మీద పడింది, తీగ మీద పడింది. తెడ్డు కిందికి దిగింది. "యాల ఆపినావు?"

"దీపం పెట్టినావా అక్కా?"

"యాడ, ఇప్పుడే పెట్టాలని వత్తి వేసి..."

గోవిందరాజులు గుంత గట్టు మీదనే కూర్చుండిపోయాడు. లేచి చెప్పాడు, అంజమ్మ గురించి, పైపు గురించి, గోనె గురించి. అంతా ఎలా చెప్పాడో తెలియదు, తలా తోకా లేకుండా చెప్పాడు. అక్క వింటూ ఉంది. పంచలోకి, ఒకప్పటి పంచలోకి, ముందు తను దూరాడు. గడప దగ్గర అక్క చెయ్యి అడ్డం పెట్టింది, అలవాటుగా. "కాళ్ళు కడుక్కో. సబ్బుతో నీళ్ళు పోసుకున్నావా పొద్దున?" వెంటనే ఆ చెయ్యి తనే తీసేసుకుంది. లోపల చీకటి, వెచ్చన, ఆకు మాగిన వాసన, పెంట వాసన. గ్యాసు వాసన ఉందా? గట్టిగా పీల్చాడు. ఉందేమో. లేదేమో. మునిరాజు చెప్పింది నిజమే, ఈ వాసనల్లో ఏం తెలుస్తుంది. తట్టల్లో పండిన పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి, దారం ఎక్కడ అతికించుకోవాలో వెతుక్కుంటూ. పైపు నడుమ వంగి ఉంది. ఎక్కువ కాదు, తెలిసిన కంటికే కనబడేంత. గోనెలు లాగేశాడు, కిటికీలకు కొట్టినవి పీకేశాడు, చలిగాలి లోపలికి దూసుకొచ్చింది.

"కారతాండాదా?" అని అడిగింది నారాయణమ్మ.

"తెలీదక్కా. చూడాలంటే మళ్ళా తెరవాల."

"తెలీకుండానే నా పొయ్యి ఆర్పినావా?"

"అవునక్కా."

"ఎన్నాళ్ళు?"

"పైపు బయట నుంచి మార్చేదాకా. నేను తిరుగుతా, ఆఫీసు సుట్టూ తిరుగుతా, ఎంత తొందరగా అయితే..." మాట మధ్యలోనే ఆగింది. అక్క అతని మొహంలోకి చూస్తోంది. అడగబోతోంది అనుకున్నాడు, పంట దిగేదాకా ఆగమంటుంది, నా ఊపిరి సంగతేమిటంటుంది, అంటే ఏం చెప్పాలి, వద్దక్కా అడగొద్దు అడిగితే తెరుస్తానేమో. ఆమె కింద పడిన గోనెలు ఏరి, మడిచి పక్కన పెట్టింది. బయటికి పోయి అతనే వాల్వుకి తీగ చుట్టాడు, సీసపు బిళ్ళ పెట్టి నొక్కాడు. ఎన్నో ఇళ్ళల్లో నొక్కాడు గానీ ఇది నొక్కుతుంటే ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. మసక చీకట్లో ఎవరికీ కనబడలేదులే.

చుక్క పొడిచేదాకా ఆగుదామన్నాడు. కాలం దాటిపోతుందే అని అక్క గొణిగింది గానీ ఆగింది. అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. గంగులప్ప, ఆయన పెళ్ళాం వచ్చి, సంగతి విని, దూరంగా నిలబడ్డారు. గంగులప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. గాలి ఆ గదిలోంచి ఇటు వచ్చి అటు పోతోంది, ఒకప్పటి పంచలో పోయినట్టే. చుక్క పొడిచింది. నారాయణమ్మ లేచి, గడప లోపల పెట్టిన ప్రమిద దగ్గరికి పోయి, అగ్గిపెట్టె తీసింది. తీసి తమ్ముడికి అందించింది.

"నువ్వే ఎలిగించు."

"నేనా?"

"నువ్వే గదా ఇప్పుడేం కాదనింది. ఎలిగించు."

అగ్గిపెట్టె తడిచేతికి అంటుకుంది. నిజమే, వాల్వు మూశాడు, సీలు వేశాడు, కిటికీలు తెరిచాడు, ఇంతసేపు గాలి ఆడింది, ఏమీ కాదు. ఇంకొక ఇంట్లో అయితే ఇదే మాట గట్టిగా చెప్పి ఉండేవాడు. పుల్ల తీశాడు. వాకిట్లో ఒంటి చెప్పు. తోటలో పెంకులు. పుల్ల పెట్టెకు ఆనించలేకపోతున్నాడు. "అక్కా, నువ్వు బయటికి పో. అరుగు దిగి అవతలకి పో."

"యాల? నువ్వుండే తావ నేనుండనా?" అంది నారాయణమ్మ, అతని పక్కనే కూర్చుంటూ. భుజం భుజానికి ఆనింది. ఆమె ఊపిరి మెడకు తగిలింది. గోవిందరాజులు కళ్ళు మూసుకుని పుల్ల గీశాడు.

కళ్ళు తెరిచేసరికి దీపం వెలుగుతోంది. గాలికి కొంచెం వాలింది, అక్క చెయ్యి అడ్డం పెట్టింది, నిలబడింది. తట్టల్లో పురుగుల తలలు అలాగే ఆడుతున్నాయి. అక్క దండం పెట్టుకుంది. గంగులప్ప పెళ్ళాం, అక్క కలిసి ఒక్కొక్క పురుగునూ చంద్రికల మీద పెట్టడం మొదలుపెట్టారు. అతను అక్కడే, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుండిపోయాడు. ఎంతసేపు కూర్చున్నాడో.

పొగ వాసనకు లేచాడు. వంటింట్లో, పాత పొయ్యి దగ్గర, మూలన పడి ఉన్న రాళ్ళు మళ్ళీ సర్దుకుని, అక్క కూర్చుని ఉంది. సగం ఉడికిన సంగటి కుండ పొయ్యి మీదికి ఎక్కింది. కంపలు పచ్చివి, అంటుకోవడం లేదు. ఊదుగొట్టం ఎక్కడ దొరికిందో, ఊదుతోంది, దగ్గుతోంది, మళ్ళీ ఊదుతోంది. అతన్ని చూసి, "లోపలికి రావాకు, కండ్లు మండుతాయి" అంది. గోవిందరాజులు లోపలికి వచ్చి ఆమె చేతిలోంచి ఊదుగొట్టం తీసుకున్నాడు. "నువ్వు పో అక్కా, వాకిట్లో కూర్చో." ఆమె పోలేదు, కొంచెం జరిగి కూర్చుంది. అతను ఊదాడు. పొగ ముక్కులోకి, కళ్ళలోకి వచ్చింది, నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. మళ్ళీ ఊదాడు. పొగలో ఏమీ కనబడలేదు, పొయ్యీ కనబడలేదు, అక్కా కనబడలేదు. ఊదడం ఆపి చెవి అటు పెట్టాడు.

అక్క దగ్గింది.

మళ్ళీ ఊదాడు.